కారు సైలెన్సర్ మార్చాలా, వద్దా? సౌండ్ పెరిగితే పవర్ కూడా పెరుగుతుందా? బొగ్గు బెల్ట్‌లో కారు కొన్నవాళ్లు ముందు ఇవి తెలుసుకోవాలి

రామగిరి: సింగరేణి ఏరియాల్లో దసరా వచ్చిందంటే లాభాల వాటా సీజన్ వచ్చినట్టే. 2024లో కార్మికులకు 33 శాతం వాటా ప్రకటించినప్పుడు ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షల రూపాయలు అందాయి. ఆ డబ్బులో కొంత పాత అప్పులకు పోతుంది, కొంత పిల్లల ఫీజులకు పోతుంది. మిగిలిందాని మీద ఇంట్లో కుర్రాడి కన్ను పడుతుంది. బండి కొందామంటాడు. బండి ఉంటే దానికి ఏదో ఒకటి చేయిద్దామంటాడు.

ఆ 'ఏదో ఒకటి'లో ముందు వినిపించే పేరు ఎగ్జాస్ట్. అంటే మన భాషలో సైలెన్సర్. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ లాంటి టర్బో కారు చేతికి రాగానే రీల్స్‌లో విన్న సౌండ్ తన కారులో ఎందుకు రావట్లేదన్న డౌట్ మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ తీసేసి వేరేది పెడితే 'పికప్ పెరుగుద్ది' అని ఫ్రెండ్ చెబుతాడు. 'రేపు తీసుకురా, గంటలో చేసిస్తా' అని వెల్డింగ్ షాపు వాళ్లు చెబుతారు.

కానీ ఆ గంట పనితో మారేది సౌండ్ ఒక్కటే కాదు. కారు ఆర్సీ, ఇన్సూరెన్స్, వారంటీ, ఇంజిన్ ఆరోగ్యం, పక్క క్వార్టర్‌లో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషి నిద్ర.. అన్నీ అందులో ఉన్నాయి. అందుకే స్పానర్ పట్టకముందే అసలు విషయం ఒక్కసారి చూద్దాం.

ఎగ్జాస్ట్ అంటే ఒక్క సైలెన్సర్ కాదు

చాలామంది కారు వెనక కనిపించే డబ్బా, దాని చివర మెరిసే గొట్టమే ఎగ్జాస్ట్ అనుకుంటారు. నిజానికి అది చివరి ముక్క మాత్రమే. ఇంజిన్ నుంచి వెనక బంపర్ దాకా వరసగా కొన్ని భాగాలు ఉంటాయి.

మొదటిది మ్యానిఫోల్డ్. అన్ని సిలిండర్ల నుంచి వచ్చే వేడి పొగను ఒక దారిలో కలుపుతుంది. టర్బో కారైతే ఆ పొగ నేరుగా టర్బోలోకి వెళ్లి దాని చక్రాన్ని తిప్పుతుంది. టర్బో దాటాక వచ్చే గొట్టం డౌన్‌పైప్. దాని దగ్గర్లోనే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మెకానిక్‌లు ముద్దుగా 'క్యాట్' అంటారు. ఆ తర్వాత మధ్య గొట్టం, అందులో రెజొనేటర్ అనే చిన్న డబ్బా. చివర్లో మఫ్లర్, అంటే మనం సైలెన్సర్ అని పిలిచే పెద్ద డబ్బా.

ఈ వరసను రెండు భాగాలుగా గుర్తుపెట్టుకుంటే చాలు. క్యాట్ వరకు ఉన్నది ఒక భాగం. క్యాట్ తర్వాత ఉన్నది ఇంకో భాగం. క్యాట్ వరకు ఉన్నది పొగలోని విషాన్ని చూసుకుంటుంది. క్యాట్ తర్వాత ఉన్నది సౌండ్‌ను చూసుకుంటుంది. ఏ భాగంలో చెయ్యి పెడుతున్నామన్నదే మొత్తం కథను మార్చేస్తుంది.

బాయిలో దిగేవాళ్లకు క్యాట్ గురించి చెప్పక్కర్లేదు

క్యాటలిటిక్ కన్వర్టర్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి బొగ్గు బెల్ట్‌లో పెద్ద చదువులు అవసరం లేదు. భూగర్భ గనిలో పనిచేసిన నాన్ననో, తాతనో అడిగితే చాలు.

గనిలోకి దిగే కార్మికుడి దగ్గర సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటుంది. కింద మంటలు వచ్చినా, బొగ్గు తనంతట తాను రాజుకున్నా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఫిల్టర్ రకం సెల్ఫ్ రెస్క్యూయర్‌లో మాంగనీస్, రాగి ఆక్సైడ్లతో చేసిన హాప్‌కలైట్ అనే పదార్థం ఉంటుంది. పీల్చే గాలి దాని మీదుగా వెళ్లేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కాస్తా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది.

కారులో క్యాట్ చేసేదీ ఇలాంటి పనే. లోపల తేనెతుట్టె లాంటి సన్నటి గదులు, వాటి గోడలపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత. ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ పూతను తాకుతూ వెళ్లేసరికి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారతాయి.

అంటే క్యాట్ తీసేయించడం వీధిలో ఉన్నవాళ్లందరి సెల్ఫ్ రెస్క్యూయర్ లాగేయడం లాంటిది. కారులో కూర్చున్నవాళ్లకూ రిస్కే. లోకల్‌గా వెల్డింగ్ చేసిన జాయింట్ దగ్గర చిన్న లీకేజీ ఉన్నా ఆ గ్యాస్ క్యాబిన్‌లోకి రావచ్చు. ఎండాకాలంలో కారు ఆపి, ఏసీ ఆన్ చేసి కునుకు తీసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది మరీ డేంజర్.

మరి పవర్ పెరుగుతుందా?

ఇదే అసలు పాయింట్. సూటిగా చెప్పాలంటే, ఏ ముక్క మార్చారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

వెనక మఫ్లర్ ఒక్కటే మారిస్తే సౌండ్ మారుతుంది. కొన్ని కిలోల బరువు తగ్గొచ్చు. పవర్‌లో డ్రైవర్‌కు తెలిసేంత తేడా రాదు. స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది తప్ప స్టాప్‌వాచ్ పెడితే పెద్దగా ఏమీ మారదు. ఎక్కువ సౌండ్ వింటే ఎక్కువ స్పీడ్‌లో ఉన్నామని మెదడు అనుకుంటుంది. అంతే.

క్యాట్ తర్వాత గొట్టం మొత్తం మారిస్తే, దాన్నే క్యాట్‌బ్యాక్ అంటారు, మామూలు రోడ్డు కార్లలో వచ్చే లాభం మహా అయితే కొద్ది హార్స్‌పవర్. 120 పీఎస్ ఉన్న ఐ20 ఎన్ లైన్‌లోనో, 150 పీఎస్ ఉన్న వర్టస్ జీటీలోనో ఆ తేడా రోజువారీ డ్రైవింగ్‌లో కనిపించదు.

నిజంగా తేడా చూపేది డౌన్‌పైప్. టర్బో వెనక దారి వెడల్పయితే టర్బో తొందరగా తిరుగుతుంది. కానీ దానికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలి. మార్చకపోతే ఖర్చు పెట్టినంత ఫలితం రాదు. అక్కడే అసలు చిక్కు కూడా ఉంది. చాలా డౌన్‌పైప్‌లు క్యాట్ లేకుండానే వస్తాయి. అంటే పవర్ వచ్చే చోటే చట్టం అడ్డొస్తుంది. చట్టం ఎక్కువ ఇబ్బంది పెట్టదని అనుకునే చోట పవర్ రాదు. సౌండ్ విషయంలో అక్కడా చట్టం ఉంది, అది కిందకు వెళ్తే తెలుస్తుంది.

టర్బో లేని కార్ల కథ వేరు. 'గొట్టం ఎంత లావైతే అంత పికప్' అనేది తప్పు. ఒక సిలిండర్ నుంచి బయటకు దూసుకెళ్లే పొగ వేగమే తర్వాతి పొగను బయటకు లాగడానికి సాయం చేస్తుంది. గొట్టం అవసరానికి మించి లావైతే ఆ వేగం పడిపోతుంది. తక్కువ ఆర్పీఎంలో ఉండాల్సిన లాగుడు పోతుంది. సిటీలో, గేర్లు మార్చుతూ వెళ్లే కాలనీ రోడ్లలో కారు బద్ధకంగా అనిపిస్తుంది.

సౌండ్‌కూ స్పీడ్‌కూ సంబంధం లేదనడానికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేస్ పెట్టారు. అక్కడ పరిగెత్తినవన్నీ ఎలక్ట్రిక్ కార్లు. వాటికి అసలు సైలెన్సరే లేదు.

కంపెనీ ఇంజినీర్లు ఆ డబ్బా ఎందుకు పెట్టారు?

'కంపెనీ వాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి ఏదో డబ్బా పెట్టారు' అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉండొచ్చు కానీ మొత్తం నిజం కాదు.

ఒక చిన్న లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు పేలతాయి. 2000 ఆర్పీఎం అంటే సెకనుకు సుమారు 33 చుట్లు, సుమారు 67 పేలుళ్లు. అంటే 67 హెర్ట్జ్ శబ్దం. హైవేపై నిలకడగా వెళ్లేటప్పుడు ఈ మంద్రమైన హోరు క్యాబిన్‌లో నిండిపోతుంది. దాన్ని చంపడానికే రెజొనేటర్ సైజు, మఫ్లర్ లోపలి గదుల కొలతలు లెక్కగట్టి పెడతారు.

వర్టస్ జీటీ లాంటి 1.5 టర్బోలో ఇంకో విశేషం ఉంది. లోడ్ తక్కువున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు పనిచేయడం ఆపేస్తాయి, పెట్రోల్ ఆదా కోసం. అప్పుడు అదే 2000 ఆర్పీఎంలో పేలుళ్లు సగమై హోరు మరింత బొంగురుగా మారుతుంది. ఈ రెండు స్థితులూ చెవికి తేడా తెలియకుండా ఉండేలా ఫ్యాక్టరీలో ట్యూన్ చేస్తారు. ఖాళీ గొట్టం పెట్టిన రోజు ఆ పనంతా పోతుంది.

షోరూమ్ ముందు ఆపి ఒక్కసారి రేజ్ చేస్తే ఏ సౌండైనా మజాగానే ఉంటుంది. రాజీవ్ రహదారిపై హైదరాబాద్ దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా అదే హోరు వింటూ వెళ్తే, వెనక సీట్లో అమ్మా నాన్నా ఉంటే, సిద్దిపేట రాకముందే తలనొప్పి మొదలవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటార్ వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ తయారుచేసిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. కేంద్ర మోటార్ వాహనాల నిబంధనల్లో రూల్ 120 ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి.

2019లో చట్ట సవరణ తర్వాత శిక్షలు పెరిగాయి. శబ్దం, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే సెక్షన్ 190 కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లైసెన్స్‌పై మూడు నెలల వేటు కూడా ఉంది. అనుమతి లేకుండా బండి మార్చినందుకు సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది. రోడ్డు మీద వేసే చలానా మొత్తాన్ని రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి అది వేరుగా ఉండొచ్చు.

కొత్త కార్లకు శబ్ద పరిమితి కూడా ఉంది. పరీక్షలో ప్యాసింజర్ కారు 74 డెసిబెల్స్ దాటకూడదు. 175 సీసీ పైన ఉన్న బైక్‌కు అది 80. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదన్నది గుర్తుంచుకోవాలి. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు అవుతుంది. 74 కాస్తా 94 అయిందంటే వంద రెట్లు అన్నమాట. గనుల్లో 8 గంటల షిఫ్టుకు 85 డెసిబెల్స్‌ను హెచ్చరిక స్థాయిగా, 90ని ప్రమాద స్థాయిగా చూస్తారు. గనిలో కూడా వద్దనుకునే శబ్దాన్ని కాలనీ వీధిలోకి తేవడం ఎందుకన్నది ఆలోచించాలి.

తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు మాడిఫైడ్ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ బైక్‌లవే. కానీ రూల్ బైక్‌కూ కారుకూ ఒకటే.

పొల్యూషన్ టెస్ట్ దగ్గర కూడా చిక్కే. బీఎస్-4, ఆ తర్వాత వచ్చిన పెట్రోల్ కార్లు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేని కారు ఈ టెస్ట్ పాస్ కావడం కష్టం.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో క్యాట్‌కు ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. క్యాట్ పనిచేయకపోతే వెనక సెన్సర్ పట్టేస్తుంది, మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. కొందరు ఆ లైట్ రాకుండా సాఫ్ట్‌వేర్‌లో దాని నోరు నొక్కేస్తారు. అలా చేస్తే రేపు నిజంగా సమస్య వచ్చినా కారు చెప్పదు. డీజిల్ కార్లలో డీపీఎఫ్ తీసేయించడం కూడా ఇలాంటి తప్పే.

వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి?

ఎగ్జాస్ట్ మార్చిన కారులో టర్బో పోయిందనుకోండి. ఆ మార్పు వల్లే పోయిందని కంపెనీ చెప్పి వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేసినా క్లెయిమ్ దగ్గర ఇబ్బందులు వస్తాయి. ఈఎంఐ మీద కారు తీసుకున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కారు షెడ్‌లో ఉన్నా నెల నెలా కిస్తీ ఆగదు.

మరి ఎప్పుడు మార్చాలి?

ఫ్యాక్టరీ ఎగ్జాస్ట్ మార్చాల్సిన సందర్భాలు ఉన్నాయి. తుప్పు పట్టి చిల్లు పడినా, జాయింట్ దగ్గర లీక్ అవుతున్నా, హ్యాంగర్ తెగి గొట్టం వేలాడుతున్నా, స్పీడ్ బ్రేకర్ తగిలి మఫ్లర్ సొట్టపోయినా, క్యాట్ లోపల పూడుకుపోయి కారు లాగకపోయినా మార్చాల్సిందే. అప్పుడు అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే పార్ట్ వేయించాలి.

పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీళ్లు కారితే భయపడక్కర్లేదు. పెట్రోల్ కాలినప్పుడు వచ్చే ఆవిరే చల్లబడి నీరవుతుంది. కానీ రోజూ క్వార్టర్ నుంచి బాయి దాకా, బాయి నుంచి క్వార్టర్ దాకా చిన్న దూరాలే తిరిగితే ఆ నీరు లోపలే ఉండిపోయి తుప్పు తెస్తుంది. వారానికోసారైనా కారును అరగంట రోడ్డెక్కిస్తే మంచిది.

పికప్ తగ్గిందనిపిస్తే ముందు చూడాల్సింది సైలెన్సర్ కాదు, ఎయిర్ ఫిల్టర్. ఓసీపీల చుట్టుపక్కల, బొగ్గు లారీల రూట్లలో దుమ్ము ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. మామూలు సర్వీస్ టైమ్ కంటే ముందే ఫిల్టర్ నిండిపోతుంది. తర్వాత స్పార్క్ ప్లగ్‌లు, టైర్లలో గాలి చూడాలి. రామగుండం ఎండల్లో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కి పలచబడుతుంది, కాబట్టి మే నెలలో ఏ కారైనా కాస్త మందగిస్తుంది. దానికి సైలెన్సర్ మారిస్తే ఏమీ ఒరగదు.

సౌండ్ కావాలనే కోరిక తప్పేమీ కాదు. అలాంటప్పుడు కారు కొనేముందే ఆలోచించాలి. ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ లాంటి మోడళ్లలో కంపెనీయే కాస్త గట్టి సౌండ్ వచ్చే ఎగ్జాస్ట్ పెట్టి అనుమతులతో అమ్మింది. ఆ సౌండ్‌కు ఆర్సీ ఉంది, వారంటీ ఉంది.

ఇంతకీ ఏం తేల్చుకోవాలి?

* క్యాట్, డీపీఎఫ్, సెన్సర్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. ఎవరు ఎంత పికప్ వస్తుందని చెప్పినా సరే.
* వెనక మఫ్లర్ మారిస్తే వచ్చేది సౌండే, స్పీడ్ కాదు. ఆ సౌండ్ కూడా పరిమితి దాటితే కేసే.
* పార్ట్ పాడైతే కంపెనీ పార్ట్‌తోనే మార్చండి. బిల్లు దాచుకోండి.
* పికప్ తగ్గితే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్‌లు, టైర్లు చూపించాకే మిగతాది.
* ఇప్పటికే మార్చేసి ఉంటే పాత సైలెన్సర్‌ను పాత ఇనుముకు అమ్మేయొద్దు. తిరిగి బిగించుకోవడానికి అదే కావాలి.
* సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొంటుంటే లిఫ్ట్ ఎక్కించి కింద క్యాట్ ఉందో లేదో చూడండి. లేకపోతే దాన్ని తిరిగి పెట్టించే ఖర్చు కొన్నవాళ్లదే.

కాలనీల విషయంలో ఇంకొక్క మాట. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. కానీ సెంటినరీ కాలనీలోనో, గోదావరిఖనిలోనో నిద్రపోయే టైమ్ గడియారం చెప్పదు, షిఫ్టు చెబుతుంది. నైట్ షిఫ్టు దిగినవాళ్లకు పొద్దున పదకొండు గంటలే అర్ధరాత్రి. కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్న ఆ మనిషి సాయంత్రం లేచి మళ్లీ బాయి దిగాలి, లేదంటే వంద టన్నుల డంపర్ స్టీరింగ్ పట్టుకోవాలి. నిద్ర చాలని కళ్లతో చేసే పని కాదది.

కారు కొనడానికి వచ్చిన డబ్బు కూడా అలాంటి నైట్ షిఫ్టుల నుంచి వచ్చిందే. చాలా ఇళ్లలో ఆ దుప్పటి వెనక పడుకున్నది కారు నడిపే కుర్రాడి నాన్నే.